ముందు ప్రోగ్రామ్, ఆ తర్వాతే కంప్యూటర్

అందరికీ నమస్కారం. కొత్త కంప్యూటర్ కొంటున్నామని సలహా అడిగేవాళ్లు దాదాపు అందరూ ఒకే వరుసలో అడుగుతారు. ఏ కంపెనీది తీసుకోమంటారు? ర్యామ్ ఎంత ఉండాలి? స్క్రీన్ ఎంత పెద్దదైతే బాగుంటుంది? ఇవన్నీ అయ్యాక, ఇక బయలుదేరబోతూ, ‘అన్నట్టు, విండోస్ ఉంచుకోమంటారా, లినక్స్ వేసుకోమంటారా?’ అంటారు. ఈ వరుస తలకిందులుగా ఉందని చెప్పడానికే వచ్చాను. ఆ చివరి ప్రశ్న తేలితే ముందు అడిగినవాటిలో సగం వాటంతటవే తేలిపోతాయి. మరి ఆ చివరి ప్రశ్న తేలాలంటే దానికన్నా ముందు ఇంకొకటి తేల్చుకోవాలి. మీరు వాడే ప్రోగ్రాములు ఏవన్నదే అది.

ఈ ఎంపిక కొత్తగా వచ్చిపడిన తలనొప్పి ఏమీ కాదు. 1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసినప్పుడే దానికి మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, అంటే కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాములు, ఉంటాయని ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పీసీ డాస్ ఒకటి, డిజిటల్ రీసెర్చ్ వారి సీపీఎం-86 ఒకటి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టిన పీ-సిస్టమ్ ఒకటి. అప్పటికి చిన్న కంప్యూటర్ల లోకంలో పేరు మోసినది సీపీఎం. అయినా డాస్ గెలిచింది. సీపీఎం-86 కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చింది. వచ్చాక చూస్తే దాని ధర డాస్ ధరకు ఆరు రెట్లు! ఈలోగా ప్రోగ్రాములు రాసేవాళ్లు డాస్‌కు రాయడం మొదలుపెట్టేశారు. 1983లో లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్, అంటే పద్దుల పట్టికలు లెక్కకట్టే ప్రోగ్రామ్, వచ్చింది. దానికోసమే జనం ఐబీఎం పీసీలు కొన్నారు. అంతకు నాలుగేళ్ల ముందు విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ వచ్చినప్పుడు ఆపిల్-2 విషయంలో జరిగిందీ అదే. ఆ రోజుల్లో పద్దులు రాసుకునే మనిషికి పెట్టెలోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోందో పట్టలేదు. తన పద్దులు తేలుతున్నాయా లేదా అన్నదే చూసుకున్నాడు. నన్నడిగితే, ఇవాళ ఫలానా సిస్టమ్ గొప్పదని రాత్రంతా వాదించుకునేవాళ్లకంటే అతనే తెలివైనవాడు.

కాబట్టి మొదట ఒక కాగితం తీసుకుని మీ పనులు రాయండి. ‘టైపింగు, ఇంటర్నెట్, అప్పుడప్పుడు సినిమాలు’ అని రాస్తే లాభం లేదు. ప్రోగ్రాముల పేర్లు రాయాలి. తర్వాత ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి, ఇది లేకపోతే ఇంకొకదానితో సరిపెట్టుకోగలనా అని ప్రశ్నించుకోండి. సరిపెట్టుకోలేని పేరు చుట్టూ సున్నా చుట్టండి. యంత్రభాగాలు డిజైన్ చేసేవాళ్లు సాలిడ్‌వర్క్స్ అని రాస్తారు. అది విండోస్‌కే వస్తుంది. ఎంపిక అక్కడితో అయిపోయింది, ఈ ప్రసంగం వినకుండా లేచి వెళ్లిపోవచ్చు కూడా. (నవ్వులు) వీడియో ఎడిటింగ్‌కు ఫైనల్ కట్ ప్రో తప్పదనేవాళ్లకు, ఐఫోన్ యాప్‌లు తయారుచేసేవాళ్లకు ఆపిల్ వారి మ్యాక్ తప్పదు. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్, వీడియో ఎడిటింగ్‌కు వాడే డావిన్సీ రిజాల్వ్ వంటివి విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తాయి. ఇక సున్నా చుట్టినవన్నీ బ్రౌజర్‌లో తెరుచుకునేవే అయితే మీకు ఏ సిస్టమ్ అయినా ఒకటే.

చాలామంది కాగితం మీద వర్డ్, ఎక్సెల్ ఉంటాయి. ఇక్కడ కాస్త నిదానించాలి. మ్యాక్‌కు ఎక్సెల్ ఉంది. కానీ అందులో పెద్ద పట్టికలను విశ్లేషించే పవర్ పివట్ లేదు, ఆఫీసు మూటలోని డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్ అసలు మ్యాక్‌కే రాదు. లినక్స్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీసును నేరుగా వేసుకోలేం, బ్రౌజర్‌లో వాడుకోవచ్చు, లేదా అలాంటి పనులే చేసే లిబ్రే ఆఫీసుతో పని చేసుకోవచ్చు. లిబ్రే ఆఫీసు వర్డ్ ఫైలును తెరవదా అంటే తెరుస్తుంది. కానీ తెరిచినంతలో సరిపోదు. పట్టికలు, పేజీ అడుగున సూచికలు ఉన్న ఒక నలభై పేజీల ఫైలు తీసుకోండి. అది కాలిబ్రీ ఫాంట్‌లో ఉందనుకోండి. ఆ ఫాంట్ లినక్స్‌లో ఉండదు. దాని బదులు కార్లిటో అనే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. అక్షరాల వెడల్పులు సరిగ్గా కాలిబ్రీకి సరిపోయేలా దాన్ని తయారుచేశారు కాబట్టి లైన్లు చెదరవు. అదే ఫైల్లో ఎక్కడైనా అలాంటి జోడీ లేని ఫాంట్ వాడి ఉంటే, మూడో పేజీలో ఒక్క లైను కిందికి జారుతుంది, దాంతో పట్టిక రెండు ముక్కలవుతుంది, చివరికి నలభై పేజీలు నలభై రెండవుతాయి. మీరు ఒక్కరే చదువుకునే ఫైలైతే పరవాలేదు. రోజూ నలుగురి చేతులు మారి తిరిగి మీ దగ్గరికి వచ్చేదైతే వారం తిరక్కుండానే విసుగెత్తుతుంది. లిబ్రే ఆఫీసు విండోస్‌లోనూ నడుస్తుంది, ఉచితమే. ఇప్పుడున్న కంప్యూటర్‌లోనే దాన్ని వేసి, మీ సొంత ఫైళ్లు మూడు తెరిచి, దిద్ది, సేవ్ చేసి, అవతలివాళ్లకు పంపి చూడండి. వాళ్ల నుంచి ఫోను రాకపోతే మీ దారి సుగమం అన్నమాట.

అదే కాగితం వెనకవైపు మీ పరికరాలు రాయండి. ప్రింటర్, స్కానర్, బొమ్మలు గీసే టాబ్లెట్, డిజిటల్ సంతకానికి వాడే యూఎస్‌బీ టోకెన్ వగైరా. ఎయిర్‌ప్రింట్ అనే ఆపిల్ పద్ధతి ఉన్న ప్రింటరైతే మ్యాక్, లినక్స్ రెండింటికీ మాట వింటుంది. పదేళ్ల నాటి స్కానర్‌తోనే చిక్కు. ఇంగ్లీషులో కాక మరో భాషలో రాసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్‌లో టైపు చేసేవాళ్లకు ఎక్కడా ఇబ్బంది లేదు, మూడింటిలోనూ కీబోర్డులు ఉన్నాయి. యూనికోడ్‌కు ముందునాటి ఫాంట్లలో ఏళ్లతరబడి పేరుకున్న ఫైళ్లు ఉంటే మాత్రం, వాటిని తెరిచే పాత ప్రోగ్రామ్ ఏ సిస్టమ్‌లో నడుస్తుందో ఆ సిస్టమ్‌ను వదిలేముందు వాటిని మార్పించుకోండి.

ఇక విండోస్. దుకాణంలో కనిపించే కంప్యూటర్లలో ఎక్కువ భాగం దానితోనే వస్తాయి. దాని అసలు బలం పాతవాటిని వదలకపోవడం. ఇరవై ఏళ్ల కిందటి ప్రోగ్రామ్ కూడా చాలాసార్లు ఈనాటి విండోస్ 11లో లేచి నడుస్తుంది. ఈ విషయంలో మ్యాక్ దాని దరిదాపులకు రాదు. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని డబ్ల్యూఎస్ఎల్ అంటారు. తరగతి గది అవసరాలకు అది ధారాళంగా సరిపోతుంది.

విండోస్‌తో నాకున్న పేచీ వేరు. కొత్త యంత్రం తెరిచిన మొదటి గంటలోనే అది మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. ఆ తొందరలో ‘సరే, సరే’ అని నొక్కుకుంటూ పోతే మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫొటోల ఫోల్డర్లు వన్‌డ్రైవ్ అనే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలోకి చేరిపోతాయి. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ. అది నిండగానే నోటీసులు మొదలవుతాయి. విసిగి ఆ బ్యాకప్‌ను ఆపేస్తే ఒక్కోసారి డెస్క్‌టాప్ ఖాళీగా కనబడి గుండె ఆగినంత పనవుతుంది. ఫైళ్లు ఎక్కడికీ పోవు, వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఉంటాయి. అక్కడినుంచి చేత్తో వెనక్కి తెచ్చుకోవాలి. దీనికి భయపడి విండోస్ మానేయనక్కర్లేదు. మొదటి గంటలో ప్రతి తెర మీదా రాసి ఉన్నది చదివి నొక్కండి, చాలు. హోమ్, ప్రో రెండింట్లో ఏది అంటే ఇంటి వాడకానికి హోమ్ చాలు. బయటినుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో మీ కంప్యూటర్‌లోకి రావాల్సిన పని ఉంటేనే ప్రో.

విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందువల్ల పాత సరుకు తక్కువకు ఇస్తామంటే ఒక్క క్షణం ఆగండి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ జాబితా దాదాపుగా ఎనిమిదో తరంతో మొదలవుతుంది. అంతకన్నా పాతదైతే, ఎంత మెరుస్తున్నా, విండోస్‌కోసం కొనవద్దు.

కొత్త సరుకులోనూ ఒక మెలిక ఉంది. 2024 మధ్యనుంచి ఆర్మ్ రకం ప్రాసెసర్లతో విండోస్ ల్యాప్‌టాప్‌లు జోరుగా వస్తున్నాయి. బ్యాటరీ బాగా నిలుస్తుంది, పెద్దగా వేడెక్కవు. మామూలు ప్రోగ్రాములను అనువదించుకుని నడుపుకుంటాయి. కానీ డ్రైవర్ల దగ్గర, అంటే ఒక్కో పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాముల దగ్గర, ఆ అనువాదం పనిచేయదు. పరికరం తయారుచేసినవాళ్లు ఆర్మ్ కోసం విడిగా డ్రైవర్ రాసి ఉండాలి. ఇందాక కాగితం వెనక రాసిన పాత స్కానర్ గుర్తుందా? బయట పెట్టె మీద ఆర్మ్ ల్యాప్‌టాప్‌కూ మామూలుదానికీ ‘విండోస్ 11’ అనే ఉంటుంది కాబట్టి ప్రాసెసర్ పేరు కూడా చదవాలి.

మ్యాక్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అది ఆపిల్ యంత్రాల మీదే నడుస్తుంది కాబట్టి సిస్టమ్‌ను ఎంచుకోవడమంటే యంత్రాన్ని ఎంచుకోవడమే. 2020 చివరిలో ఎం1 చిప్‌తో ఆపిల్ ఇంటెల్‌కు వీడ్కోలు మొదలుపెట్టింది. 2025లో వచ్చిన టాహో అనే మ్యాక్ సిస్టమే ఇంటెల్ మ్యాక్‌లకు చివరి వెర్షన్ అని ప్రకటించింది. అందువల్ల ఎవరైనా ఇంటెల్ మ్యాక్ చవకగా ఇస్తామంటే మర్యాదగా వద్దనండి. ర్యామ్ తర్వాత పెంచుకోవడం కుదరదు, కొనేటప్పుడే నాలుగైదేళ్లు ముందుకు ఆలోచించి తీసుకోవాలి. మ్యాక్‌లో విండోస్ వేసుకోనిచ్చే పాతకాలం బూట్ క్యాంప్ ఎం రకం చిప్‌ల మీద లేదు. ‘మ్యాక్ కొని అవసరమైతే విండోస్ వేసుకుంటా’ అనుకునేవాళ్లు ఈ ముక్క ముందే తెలుసుకోవాలి.

లినక్స్ దగ్గర కాసేపు ఉంటాను, ఎందుకంటే దాని గురించి చెప్పేవాళ్లలో ఎక్కువమంది భక్తులో, భయపడినవాళ్లో! 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు దీన్ని మొదలుపెట్టాడు. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్ల కింద ఉన్నది అదే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ప్రతి ఒక్కటీ దానిమీదే నడుస్తోంది. భక్తులు ఈ మాట చెప్పి ఆగిపోతారు. సూపర్ కంప్యూటర్‌కు వేలిముద్ర రీడర్ ఉండదు, దాని మూత మూసి సంచిలో పెట్టుకుని ఎవరూ బస్సెక్కరు. మీ ల్యాప్‌టాప్‌లో వచ్చే చిక్కులన్నీ అలాంటి చోట్లే వస్తాయి.

ఏ లినక్స్ అని అడుగుతారు. వందలున్నాయి. కొత్తవాళ్లకు నేను రెండే చెబుతాను: లినక్స్ మింట్, లేదా ఉబుంటులో ఎల్‌టీఎస్ అని రాసి ఉండే వెర్షన్. ఎల్‌టీఎస్ రెండేళ్లకొకసారి వస్తుంది, ఐదేళ్లు అప్‌డేట్లు ఇస్తారు. 2024 ఏప్రిల్‌లో వచ్చినదానికి 2029 దాకా భరోసా ఉంది. ఫెడోరా అనే మరో లినక్స్ కూడా బాగుంటుంది. కానీ ఒక్కో వెర్షన్ ఆయుష్షు పదమూడు నెలలు, అంటే కనీసం ఏడాదికోసారి కొత్తదానికి మారుతూ ఉండాలి. ఆ సరదా ఉన్నవాళ్లు సంతోషంగా మారతారు. పని మాత్రమే కావలసినవాళ్లకు అది ఒక అదనపు పని.

లినక్స్‌కున్న గొప్ప సుగుణం, వేసుకోకముందే వాడి చూడవచ్చు. దాని ఫైలును దించి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. విండోస్‌లో ఈ పనికి రూఫస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్‌తో తెరిస్తే హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండా లినక్స్ లేస్తుంది. చాలామంది ఇక్కడ వాల్‌పేపర్ చూసి, రెండు మెనూలు తెరిచి, బాగుందంటారు. అది చూడటం కాదు. వైఫై దొరుకుతోందా? హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్ ఆగిందా? కెమెరాలో మీ మొహం కనబడుతోందా? వెలుతురు పెంచే మీటలు పనిచేస్తున్నాయా? ముఖ్యంగా, మూత మూసి, పది నిమిషాలు ఆగి, తెరవండి. నల్లతెర తప్ప ఏమీ రాకపోయినా, వచ్చాక వైఫై మాయమైనా, ఆ ల్యాప్‌టాప్‌కు లినక్స్ ఇంకా సర్దుకోలేదని అర్థం. మార్కెట్లోకి మొన్ననే వచ్చిన మోడళ్లలో ఇది ఎక్కువ. ఎల్‌టీఎస్ వచ్చినప్పటికి ఆ వైఫై చిప్ పుట్టి కూడా ఉండదు మరి. లినక్స్ కోసమే కొనేవాళ్లు ఏడాది పాతబడిన మోడల్ కొనడం మేలు, ధర కూడా కలిసొస్తుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు మీకు నిజంగా అవసరం లేకపోతే అది లేనిదే తీసుకోండి.

ఆటల సంగతి కూడా చెప్పాలి, వెనక వరుసలో కుర్రాళ్లు చాలాసేపటి నుంచి చూస్తున్నారు. స్టీమ్ అనే ఆటల దుకాణాన్ని నడిపే వాల్వ్ సంస్థ 2018లో ప్రోటాన్ అనే ప్రోగ్రామ్ తెచ్చాక విండోస్ ఆటలు చాలావరకు లినక్స్‌లో ఆడుతున్నాయి. ఫోర్ట్‌నైట్, వాలరెంట్ ఆడవు. ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రామ్‌ను కెర్నెల్‌దాకా, అంటే సిస్టమ్ గర్భంలోకి, దించే ఆటలతో ఈ చిక్కు ఉంది. అవే మీ ప్రాణమైతే విండోస్ ఉంచుకోండి.

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ వేసుకుంటే పోలేదా అంటారు. పోదు. డ్యూయల్ బూట్ అనే ఈ ఏర్పాటు ఎంచక్కా పనిచేస్తుంది, కానీ కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడే అవకాశం ఉన్న చోటు ఇదే. కొత్త విండోస్ యంత్రాల్లో డిస్కు తాళం వేసి వస్తుంది. మీరు అడగకపోయినా, ఖాతాతో లోపలికి వెళ్లగానే ఆ తాళం పడి ఉంటుంది. లినక్స్ కోసం సెక్యూర్ బూట్ (కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మకమైన సిస్టమ్‌నే అనుమతించే కాపలా) వంటి అమరికలు మార్చి మళ్లీ విండోస్ తెరిస్తే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. ఆ ఖాతాలోకి మళ్లీ వెళ్లలేకపోతే, కీ ఇంకెక్కడా లేకపోతే, డిస్కులో ఉన్న సమస్తం గోవిందా. కాబట్టి ఏదీ కదపకముందే ఆ 48 అంకెలు కాగితం మీద రాసుకోండి, ఫైళ్లు ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. దీంతో పోలిస్తే, రెండూ వేశాక గడియారం కొన్ని గంటలు తేడా చూపించడం చిన్న విషయం. విండోస్ స్థానిక సమయం రాసిపెడుతుంది, లినక్స్ గ్రీనిచ్ సమయం అనుకుంటుంది. ఒక్క కమాండ్‌తో సరిపోతుంది.

ఇక క్రోమ్‌బుక్, అంటే గూగుల్ సిస్టమ్‌తో నడిచే ల్యాప్‌టాప్, పనంతా బ్రౌజర్‌లోనే చేసుకునేవాళ్లకు హాయిగా ఉంటుంది. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్ల అప్‌డేట్లని గూగుల్ చెప్పింది. ఆ పదేళ్లు లెక్కించేది ఆ హార్డ్‌వేర్ మార్కెట్లోకి వచ్చిన రోజునుంచి, మీరు కొన్న రోజునుంచి కాదు. మోడల్ పేరుతో వెతికితే చివరి తేదీ దొరుకుతుంది. కొనేముందు వెతకండి.

ఇక ప్రశ్నలు.

డాస్ అని రాసి ఉన్న ల్యాప్‌టాప్ చవకగా ఉంది, తీసుకోవచ్చా అని అడుగుతున్నారు. అందులో ఉండేది ఫ్రీడాస్, 1994లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. తెరవగానే నల్లతెర, మిణుకుమిణుకుమనే గీత తప్ప ఏమీ కనబడదు. ఖాళీ యంత్రం అమ్ముతున్నామని చెప్పే పద్ధతి అది. లినక్స్ వేసుకునేవాళ్లకు మంచి బేరం. విండోస్ కావాలనుకునేవాళ్లు లైసెన్స్ విడిగా కొంటే, తగ్గిందనుకున్న డబ్బు తిరిగి పోతుంది. దొంగ విండోస్ వేసిస్తామనేవాళ్లు ఉంటారు. దాన్ని నమ్మించడానికి వాడే యాక్టివేటర్ ప్రోగ్రామ్ మొదట చేయమనేది యాంటీవైరస్‌ను ఆపమని. అలాంటి యంత్రంలో మీ బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారా?

అమ్మానాన్నలకు కొనాలంటే ఏది అని ఇంకొకరు. ఇబ్బంది వచ్చినప్పుడు వాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారు? మీకేనా? అయితే మీరు వాడేదే వాళ్లకూ కొనండి. ఫోన్లో ‘ఎడమవైపు పైన ఏముంది?’ అని అడిగేటప్పుడు మీ ముందు కూడా అదే తెర ఉండాలి.

చివరి ప్రశ్న. విండోస్‌తో వచ్చిన దాన్ని తుడిచేసి లినక్స్ వేస్తే లైసెన్స్, వారంటీ పోతాయా? లైసెన్స్ పోదు. విండోస్ 8 కాలం నుంచి ఆ కీ మదర్‌బోర్డులోనే ఉంటోంది. ఎప్పుడు మళ్లీ వేసినా అదే గుర్తుపడుతుంది. స్క్రీన్, కీబోర్డు వంటివాటి వారంటీ సాధారణంగా అలాగే ఉంటుంది. కానీ బాగుచేసేవాళ్లు ముందు వచ్చినట్టే విండోస్ వేసి తెమ్మని అనవచ్చు. కొనేముందు వారంటీ కాగితం చదవండి. తుడవకముందు విండోస్‌లోనే రికవరీ డ్రైవ్ తయారుచేసే చోటు ఉంది, 32 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి అది చేసుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌ను వేరే పనికి వాడవద్దు, ఇంట్లో పిల్లలకు ఇవ్వవద్దు.